ఈ రాబడి ఎక్కడిది?
(వైశాఖ పూర్ణిమ సభలో, డిగ్లీపూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)

 

వైశాఖ పూర్ణిమ నాడు తథాగతుని జననమును, సంబోధిని, మహాపరినిర్వాణమును స్మరించుకొనుట మన ఆనవాయితీ. ఈ యేడు కార్యవర్గం వారు నన్ను వేరొక విషయంపై మాట్లాడమని కోరినారు. మన సంఘానికి చందాల రూపంలో కొంత నిధి చేరినది. దానిని ఎక్కడ ఉంచవలెనన్న చర్చ గత రెండు సమావేశాలలోను జరిగినది. బ్యాంకులో వేస్తే వడ్డీ చాలదని కొందరన్నారు. చేబదుళ్లుగా వడ్డీకి తిప్పితే విహారం గోడలు త్వరగా లేస్తాయని మరికొందరన్నారు. మ్యూచువల్ ఫండ్ మేలని యువకులన్నారు. ముగ్గురి ఉద్దేశమూ మంచిదే. కాని ఎక్కడ ఎంత వస్తుందన్న ప్రశ్నే అందరూ వేసినారు. ఆ వచ్చేది ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్న ఎవరూ వేయలేదు.

నేను ఆర్థికశాస్త్ర పండితుణ్ణి కాను. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. అయినను ఈ విషయంపై మాట్లాడుటకు నాకొక అర్హత ఉన్నది. ఇందులో నేను తప్పు చేసినాను. మొదట దానిని సభాముఖంగా మనవి చేసుకొని, తరువాత ధర్మం ఏమంటున్నదో విచారిస్తాను.

చాలా యేండ్ల క్రితం నా జీతంలో మిగిలిన సొమ్ము నలభై వేలు, మనవాడే అయిన ఒక మత్స్యకారునికి డింగీకి ఇంజను కొనుక్కొనుటకు ఇచ్చినాను. మూడు రూపాయల వడ్డీ. ప్రోనోటు వ్రాయించుకున్నాను. ఊరిలో నడుస్తున్న రేటు అదే కనుక అది అన్యాయమని నాకు తోచలేదు. పైగా ఒక కష్టజీవికి సాయం చేశానన్న తృప్తి కూడా కలిగినది. పదునాలుగు నెలల పాటు, నెలకు పన్నెండు వందల చొప్పున, తేదీ తప్పకుండా వడ్డీ అందినది. తుపానుకు వేట ఆగిన నెలలోను అందినది. వల చిరిగి పడవ ఒడ్డుననే ఉన్న నెలలోను అందినది. ఆ మనిషి నిజాయితీని నేను నలుగురిలో మెచ్చుకున్నాను కూడా.

పదిహేనవ నెలలో ఆయన భార్య వచ్చి వడ్డీ డబ్బు నా బల్లమీద పెట్టినది. ఆయన రాలేదేమని అడిగినాను. సముద్రపు దోసకాయలు తీస్తూ పట్టుబడినాడని, కేసు అయినదని చెప్పినది. సముద్రం అడుగున ఇసుకను శుభ్రపరుస్తూ బ్రతికే ఆ మెత్తని ప్రాణి మీకందరికీ తెలిసినదే. ఎండబెడితే తూర్పు దేశాలలో దానికి మంచి ధర పలుకుతుంది. 2001 నుండి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో దానికి రక్షణ ఉన్నది. దానిని తీయుట పెద్ద నేరం. ఎందుకు చేసినాడమ్మా అని నేను గట్టిగానే అడిగినాను. ఆమె తలవంచుకొనే జవాబు చెప్పినది: "వేట లేని నెలల్లో కూడా మీ వడ్డీ ఆగలేదు కదండీ మాస్టారూ. ఇది ఎక్కడిదిరా అని మీరు ఒక్కసారైనా అడగలేదండి."

ఆ మాటలో నింద లేదు. ఉన్న సంగతి అంతే. ఆయన నీటిలోకి దిగినప్పుడు నా నలభై వేలు కూడా ఆయన భుజాల మీద కూర్చొని దిగినవి. నేను మాత్రం ఒడ్డున పొడి బట్టలతో ఉన్నాను. తరువాత ఆ ప్రోనోటు చింపివేసినాను. దానిని దానమని ఎవరూ అనుకొనవద్దు. ఆలస్యంగా చేసిన లెక్క సవరణ అది.

ఇక ధర్మం ఏమంటున్నదో చూద్దాము. ఆర్య అష్టాంగ మార్గంలో ఐదవది సమ్యగాజీవం. ఉపాసకుడు చేయకూడని వర్తకాలు ఐదింటిని భగవానుడు అంగుత్తర నికాయంలో పేర్కొన్నాడు: ఆయుధాల వర్తకం, ప్రాణుల వర్తకం, మాంస వర్తకం, మత్తు పదార్థాల వర్తకం, విష వర్తకం. మాంస వర్తకమన్న మాట డిగ్లీపూర్‌లో పలుకుతున్నప్పుడు నా గొంతు తడబడకుండా ఉండదు. ఉత్తరాంధ్ర తీరం నుండి వల భుజాన వేసుకొని వచ్చిన కుటుంబాలు ఇక్కడ అనేకం. ఆ పట్టికను వారి వైపు వేలెత్తి చూపుటకు నేను వాడను. చేప తింటూ, చేపలు పట్టేవాని మీద వడ్డీ కూడా తింటూ, శీలం గురించి ఉపన్యసించే నాబోటివాడు మొదట తన వైపు తిప్పుకొనవలసిన పట్టిక అది.

మనలో చాలామంది ఒక మాట అంటారు: "నేను సారా అమ్మను, విషం అమ్మను, నా ఉద్యోగం శుద్ధమైనది, కనుక నా ఆజీవం సమ్యగాజీవమే." నేనూ అదే అనుకున్నవాణ్ణి. కాని చేతితో సంపాదించిన డబ్బు మన చేతిలోనే ఉండిపోదు. మనం నిద్రపోతున్నప్పుడు కూడా అది ఎక్కడో ఒకచోట పనిచేస్తూనే ఉంటుంది. ఎవరి దుకాణంలోనో సరుకవుతుంది. ఎవరి పడవలోనో ఇంజనవుతుంది. ఎవరి కర్మాగారంలోనో యంత్రమవుతుంది. మన కాలీపూర్ ఒడ్డున తాబేలు ఇసుకలో గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్లిపోతుంది. తరువాత వాటి గతి దానికి తెలియదు. తాబేలుకు అది ప్రకృతి ధర్మం. తెలివి గల మనిషి తన సొమ్మును అలా వదలి వెళ్లుటకు వీలులేదు.

బుద్ధుడు డబ్బును దూషించలేదు. గృహస్థులను దరిద్రులుగా ఉండమనలేదు. రాజగృహంలో సిగాలుడను యువకునికి సంపాదనను నాలుగు భాగాలు చేయమని చెప్పినాడు. ఒక భాగం అనుభవానికి, రెండు భాగాలు వృత్తి వ్యాపారాలకు, నాలుగవది ఆపదలకు దాచుకొనుటకు. సగం సొమ్మును పనిలో పెట్టమన్నాడని గమనించండి. కోలియ వంశీకుడైన దీఘజాణునికి కష్టించి సంపాదించుట, సంపాదించినది కాపాడుకొనుట, మంచివారితో స్నేహం, రాబడికి తగిన జీవనం అను నాలుగు సంపదలను బోధించినాడు. చెరువుకు నీరు వచ్చే దారులు నాలుగు, పోయే తూములు నాలుగు ఉన్నట్లు సంపదకు కూడా ఉన్నవన్నాడు. పోయే తూములలో ఒకటి జూదం.

ఈ కాలపు జూదం గురించి యువకులకు ఒక్క మాట. ఫోనులో ఫ్యూచర్స్, ఆప్షన్స్ అని ఆడుతున్నది పెట్టుబడి అనుకొనవద్దు. 2021–22 నుండి 2023–24 వరకు మూడు సంవత్సరాలలో అటువంటి వ్యాపారం చేసిన వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయినారని సెబీ 2024లో ప్రకటించినది. వారందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటినది. ఆ తూము మూయకుండా చెరువు నింపాలని చూస్తే లాభం లేదు.

ఈనాటి విషయానికి అన్నిటికన్నా దగ్గరి బోధ అనాథపిండికునికి చేసినది. ఆయన శ్రావస్తిలో గొప్ప శ్రేష్ఠి, జేతవన దాత. గృహస్థునికి నాలుగు సుఖాలున్నవని భగవానుడు ఆయనతో అన్నాడు. న్యాయంగా సంపాదించిన సొమ్ము ఉన్నదన్న సుఖం అత్థి సుఖం. దానిని తాను అనుభవించి, దానధర్మాలు చేయుట భోగ సుఖం. ఎవరికీ బాకీ లేకుండుట ఋణరహిత సుఖం. తన కాయ వాక్ కర్మలలోను, మనసులోను తప్పు లేదన్న సుఖం అనవజ్జ సుఖం, అనగా అనవద్య సుఖం. మొదటి మూడు సుఖాలు నాలుగవ దానిలో పదహారవ వంతుకు కూడా సాటిరావని భగవానుని తీర్పు. మన పాత లెక్కలో చెప్పవలెనంటే రూపాయి ముందు అణా. పదునాలుగు నెలలు నాకు అందిన వడ్డీ ఆ అణా. దానికోసం రూపాయిని పోగొట్టుకున్నాను.

"ఇవన్నీ వినుటకు బాగానే ఉన్నవి గాని, ఆచరించిన వారెవరు?" అని అడుగవచ్చును. మన పూర్వికులే ఆచరించినారు. మనలో చాలామంది తాతముత్తాతల ఊళ్లు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలవి. వంశధార ఒడ్డున సాలిహుండం, విశాఖ సముద్రాన్ని చూస్తూ తొట్లకొండ, బావికొండ, అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ మన బౌద్ధ వారసత్వం. తొట్లకొండ త్రవ్వకాలలో శాతవాహనుల నాణేలతో పాటు రోమను వెండి నాణేలు కూడా దొరికినవి. అనగా ఆ విహారాలు వర్తకుల లోకానికి దూరంగా ఉన్నవి కావు. వర్తకుల, చేతివృత్తులవారి దానాలతో నిలిచినవి.

ఆ దానాలను ఎలా నిలిపి ఉంచేవారో తెలియజేసే శాసనాలు నాసిక్ గుహలలో ఉన్నవి. క్రీస్తు శకం 2వ శతాబ్ది ప్రథమార్ధంలో క్షహరాత రాజు నహపానుని అల్లుడు ఉషవదాతుడు భిక్షువుల కొరకు 3,000 కార్షాపణాలను అక్షయనీవిగా ఉంచినాడు. అక్షయనీవి అనగా అసలు తరుగకుండా వడ్డీ మాత్రమే వాడవలసిన నిధి. ఆ సొమ్మును గోవర్ధన పట్టణంలోని నేతగాండ్ర శ్రేణుల వద్ద ఉంచినాడు. 2,000 ఒక శ్రేణిలో నెలకు నూటికి ఒకటి వడ్డీకి, 1,000 మరొక శ్రేణిలో నూటికి ముప్పాతిక వడ్డీకి. మొదటి దానిపై సంవత్సరానికి వచ్చే 240తో, వర్షావాసం చేసే ఇరవై మంది భిక్షువులకు తలకు 12 చొప్పున వస్త్రాలకు ఇవ్వవలెనని ఏర్పాటు. ఈ లెక్కను నేను మా బడిపిల్లలకు ఇచ్చినాను. సరిగ్గా సరిపోయినది. అదే నాసిక్‌లో మూడవ శతాబ్దినాటి మరొక శాసనం ఉన్నది. విష్ణుదత్త అను ఉపాసిక రోగులైన భిక్షువుల మందుల కొరకు, నూనె తీసేవారి శ్రేణితో సహా చేతివృత్తుల శ్రేణులలో నిధి ఉంచినది.

ఇందులో మూడు సంగతులు చూడండి. సొమ్ము ఎవరి చేతికి వెళ్లినదో దాతకు తెలుసు. ఆ చేతులు బట్ట నేసే చేతులు, నూనె తీసే చేతులు. వడ్డీ నెలకు నూటికి ఒకటి మించలేదు. అనగా మన భాషలో రూపాయి వడ్డీ. దాదాపు పంతొమ్మిది వందల యేండ్ల క్రితం ఒక రాజబంధువు నేతగాండ్రకు రూపాయి వడ్డీకి ఇచ్చినాడు. బుద్ధుని పేరు చెప్పుకొనే పంతులు మత్స్యకారునికి మూడు రూపాయల వడ్డీకి ఇచ్చినాడు.

ఇతర దేశాలలోను ఈ విచారణ ఉన్నది. వియత్నాం యుద్ధకాలంలో తమ పొదుపు ఆయుధాల కంపెనీలకు చేరరాదని కోరిన అమెరికా మెథడిస్టులు కొందరు 1971లో పాక్స్ వరల్డ్ ఫండ్ అను నిధిని స్థాపించినారు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష సాగిన రోజులలో విశ్వవిద్యాలయాలు, చర్చిలు అక్కడ వ్యాపారం చేసే కంపెనీల నుండి తమ సొమ్మును ఉపసంహరించుకున్నవి. మన దేశంలో కూడా, ప్రభుత్వ రంగ బీమా సంస్థలు సిగరెట్ల కంపెనీలో వాటాలు కలిగి ఉండరాదని కోరుతూ 2017లో బొంబాయి హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైనది. మనలో పాలసీ లేని ఇల్లు ఎన్ని? బీడీ ముట్టని ఉపాసకుని ప్రీమియం కూడా ఏదో ఒక దారిన పొగాకును చేరగలదని ఆనాడే నాకు తెలిసినది.

అయితే మంచి పేరు పెట్టుకున్న ప్రతి పెట్టుబడి మంచిది కాదు. ఇందుకు సాక్ష్యం మన తెలుగునేలే. పేద స్త్రీలకు చిన్న అప్పులిచ్చి పేదరికాన్ని తొలగించే వ్యాపారమని సూక్ష్మరుణాలను ప్రపంచమంతా కొనియాడినది. 2010 ఆగస్టులో హైదరాబాద్ కేంద్రంగా గల ఒక పెద్ద సూక్ష్మరుణ సంస్థ షేరు 985 రూపాయల ధరకు మార్కెట్టుకు వచ్చినది. అమ్మజూపిన దానికి దాదాపు పదమూడు రెట్లు దరఖాస్తులు వచ్చినవి. లాభమూ పుణ్యమూ ఒకేచోట దొరుకుతున్నవని మదుపరులు సంతోషించినారు. అదే కాలంలో ఆంధ్రప్రదేశ్ పల్లెలలో ఒకే ఇంటిపై మూడు నాలుగు సంస్థల అప్పులు, వారంవారం వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తలు. ఆ యేడు అక్టోబరు 15న రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి ఆ వసూళ్లకు కళ్లెం వేయవలసి వచ్చినది. షేరు కొన్నవారందరూ చెడ్డవారు కారు. రాబడి ఎంత అని చూసినారు, ఎవరికి మేలు అని కూడా చూసినారు. ఆ రాబడి ఏ ఇంటి పొయ్యి మీది నుండి వస్తున్నదో చూడలేదు.

ఈనాడు ధర్మబద్ధమైన ఫండ్లు కావలెనను యువకులకు మార్గాలున్నవి. పర్యావరణం, సమాజం, సుపరిపాలన చూసి మదుపు చేసే ఫండ్లను 2023లో సెబీ ఆరు తరగతులుగా విభజించినది. వాటిలో కొన్ని రంగాలను పూర్తిగా మినహాయించే తరగతి ఒకటి. పేరు చూసి ఆగిపోకండి. ప్రతి ఫండూ ఏయే కంపెనీలలో ఎంత ఉంచినదో ప్రతి నెలా ప్రకటించవలెను. ఆ పట్టిక చదువుటకు పావుగంట చాలును. పంచశీలంతో పొసగనివి అందులో ఎన్ని ఉన్నవో లెక్కించండి. అలా ఏరివేసిన ఫండు ఒక్కొక్క యేడు మిగిలిన వాటికన్నా తక్కువ ఇవ్వవచ్చును. ఆ సంగతి ముందే తెలిసి ఎంచుకొనుట మేలు.

ఇక్కడ ఒక నిజం కూడా చెప్పవలెను. మార్కెట్టులో ఉన్న పాత షేరు మనం కొన్నప్పుడు ఆ డబ్బు కంపెనీకి చేరదు, అమ్మినవానికి చేరుతుంది. మనం కొనకపోయినంత మాత్రాన ఆ కర్మాగారం మూతపడదు. కొంటే మాత్రం దాని లాభంలో భాగస్వాములం అవుతాము. ఆ భాగస్వామ్యం వద్దనుకొనుట మన శీలం కోసం. కాని మన చేతితో పొరుగువానికి ఇచ్చే అప్పు అటువంటిది కాదు. దాని ఫలితం వెంటనే, నేరుగా, పేరు గల మనిషిపై పడుతుంది. ముంబయిలోని షేర్ల గురించి వంద ప్రశ్నలు వేసి, పక్క ఇంటి ప్రోనోటు గురించి ఒక్క ప్రశ్న వేయని మనిషి నైతిక మదుపరి కాడు. దూరపు డబ్బు విషయంలో మనం చేయగలిగినది కొంత. దగ్గరి డబ్బు విషయంలో చేయగలిగినది చాలా.

సంపూర్ణ శుద్ధి సాధ్యమా అని అడిగితే, కాదనే చెప్తాను. బ్యాంకులో వేసిన డబ్బు ఎవరెవరికి అప్పుగా వెళ్లినదో మనకు తెలియదు. పింఛను నిధి ఏయే షేర్లలో ఉన్నదో అంతా మన చేతిలో లేదు. అంతా శుద్ధం కాదు కనుక ఏదీ పట్టించుకోనను వాదం ఒక కొన. శుద్ధం కానిది ముట్టనని పిల్లల చదువుకు, ముసలితనానికి దాచుకోకుండుట మరొక కొన. తెలుసుకొనగలిగినంత తెలుసుకొని, మార్చగలిగినంత మార్చుట మధ్యమ మార్గం.

ఇక మన సంఘ నిధి గురించి నా మనవి. మొదటిది, నిధిలో ఎక్కువ భాగం బ్యాంకు, పోస్టాఫీసు డిపాజిట్లలోనే ఉండనిద్దాము. విహారం గోడ ఒక యేడు ఆలస్యంగా లేచినా ఫరవాలేదు. ఒక మనిషిని నీటిలోకి దింపి లేపిన గోడ నీడన ధ్యానం కుదరదు. రెండవది, నిధిలో ఒక చిన్న భాగాన్ని సభ్య కుటుంబాలకు కుట్టుమిషను, విత్తనాలు, పడవ మరమ్మతు వంటి అవసరాలకు ఇద్దాము. రూపాయికి మించని వడ్డీ. వేట లేని నెలలలో కిస్తు అడుగరాదు. ఈ షరతు కాగితంపైనే ఉండవలెను. మూడవది, ప్రతి వైశాఖ పూర్ణిమకు నిధి లెక్కను సభలో బిగ్గరగా చదువుదాము. ఎంత వచ్చినదో చదివిన తరువాత, ఎక్కడి నుండి వచ్చినదో కూడా చదువుదాము.

నాలుగవది డబ్బుతో పనిలేనిది. కిసాన్ క్రెడిట్ కార్డు సదుపాయాన్ని కేంద్ర ప్రభుత్వం 2018–19లో మత్స్యకారులకు కూడా విస్తరించినది. వేట ఖర్చులకు తీసుకొని సకాలంలో చెల్లిస్తే వడ్డీ సంవత్సరానికి నూటికి నాలుగే. మూడు రూపాయల వడ్డీ సంవత్సరానికి ముప్పై ఆరు. ఈ రెండింటి మధ్య ఉన్న దూరం ఒక దరఖాస్తు, కొన్ని నకళ్లు, బ్యాంకులో ఒక పూట నిరీక్షణ. చదువుకున్నవాడు పక్కన కూర్చొని ఆ కాగితం నింపితే చాలును. ప్రతి శనివారం ఉదయం సంఘం గదిలో నేను కూర్చుంటాను. కళ్లద్దాలు, కలము తెచ్చుకుంటాను. కాగితాలు మీరు తెచ్చుకోండి.

ఆనాడు వడ్డీ తెచ్చిన ఆ ఇల్లాలు ఈనాడు ఈ సభలో ఉన్నదో లేదో నేను చెప్పను. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం ఇక్కడే ఉన్నది. నా బ్యాంకు పుస్తకం తెరచినప్పుడల్లా, వడ్డీ వరుస దగ్గర నా వేలు ఆగినప్పుడల్లా నాకది వినిపిస్తుంది: ఇది ఎక్కడిది? జవాబు చెప్పగలిగిన రోజున ఆ వరుసలోని అంకె చిన్నదైనా నిద్ర బాగా పడుతుంది. అనాథపిండికునికి భగవానుడు చెప్పిన నాలుగవ సుఖం బహుశా ఇదే.

మీ అందరి పొదుపు వర్ధిల్లుగాక. ఆ పొదుపు వలన ఏ ప్రాణికీ కీడు కలుగకుండుగాక. సర్వులకూ మంగళమగుగాక. నమో బుద్ధాయ.